‘సూ’ అన్నాడా, ‘సూడు’ అన్నాడా

హల్దియాపదర్ పైడన్న ఏ పాత కారు కార్బరేటరునైనా పెదాలకు ఆనించి ఒక్క ఊపు ఊదితే చాలు, దాన్ని తయారుచేసిన దొర ఎక్కడో ఇంగ్లండులో సమాధిలో పడుకున్నవాడు కూడా ఉలిక్కిపడి దగ్గేవాడు.

సరే, సమాధి పక్కన నిలబడి నేను వినలేదు. ఇంగ్లండూ వెళ్లలేదు. దగ్గు మాత్రం నిజం, ఆ మాటకు కట్టుబడి ఉంటాను. కాకపోతే దగ్గింది దొర కాదు, పైడన్న. యాభై ఏళ్లు పెట్రోలు ఆవిరి పీల్చిన ఊపిరితిత్తులు ఇంకేం చేస్తాయి? ఈ కథంతా ఆ దగ్గువల్లే వచ్చింది కాబట్టి దాని సంగతి మొదట్లోనే చెప్పేశాను.

పైడన్నకు డెబ్బై రెండేళ్లు. గోపాలపురం సముద్రపు ఒడ్డున చేపల వేటకు వెళ్లే కుటుంబం వాళ్లది. ఇతనికి మాత్రం తెప్ప ఎక్కగానే కడుపులో తిప్పేది. మూడు కెరటాలు దాటేలోపల రాత్రి తిన్న అన్నం కూడా సముద్రానికి అప్పజెప్పేవాడు. ‘గంగమ్మ ఈడిని ఒద్దంది’ అని తండ్రి విసిగిపోయి, ఇరవయ్యో ఏట బరంపురం తీసుకొచ్చి హల్దియాపదర్‌లో జగ్గారావు మెకానిక్కు షెడ్డులో వదిలిపెట్టాడు. జగ్గారావు పోయి ముప్పై ఏళ్లు దాటింది. షెడ్డు పైడన్నకు మిగిలింది. ఇప్పుడు దాని రేకులకు చిల్లులు, గోడకు పగుళ్లు, గుమ్మంలో ఒక కుర్చీ, కుర్చీలో పైడన్న.

కార్బరేటరంటే తెలియనివారి కోసం ఒక్క మాట. ఇంజను ఒట్టి పెట్రోలు తాగదు, దాన్ని గాలిలో తగుపాళ్లలో కలిపి పట్టాలి. ఆ కలిపే గిన్నే కార్బరేటరు. ఈనాటి కార్లకు అది లేదు, పాత కార్లకు మాత్రం ప్రాణమంతా అక్కడే. ఎవరు చేశారో చెప్పడానికి దానికొక చిన్న ఇత్తడి బిళ్ల ఉంటుంది. ఎనభై ఏళ్లలో ఆ బిళ్ల ఊడిపోతుంది. ఒంటిమీది అక్షరాలను ఎవడో ఆకురాయితో అరగదీస్తాడు. ఒక బండిది తెచ్చి ఇంకో బండికి తగిలిస్తారు. చివరికది సొంత పేరు మరిచిపోయిన ముసలాడిలా ఎవరి ఒళ్లోనో కూర్చుంటుంది. అలాంటివాటికి పేరు చెప్పడమే పైడన్న పని.

అందుకు అతని పనిముట్టు కొబ్బరి ఈనె. ఈనె మొదట లావుగా ఉండి చివరికి సన్నబడుతుంది కదా. కార్బరేటరులో పెట్రోలు పైకి వచ్చే సన్నని బెజ్జాన్ని జెట్టు అంటారు. అందులో ఈనె దూరిస్తే ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆగినచోట గోటితో గాటు పెడతాడు. ఒక్కో జాతికి ఒక్కో ఈనె, గుర్తుకు దానికొక రంగు వలదారం. గాలి దూరే గొంతు వెడల్పు కొలవడానికి వాళ్ల నాన్న వలకన్ను కొలుచుకున్న చెక్కముక్క ఉంది. ఇవన్నీ అయ్యాక పెదాలకు ఆనించి ఊదుతాడు. లోపలి పిస్టనును వేలితో పైకెత్తి వదిలేసి, అది పడేటప్పుడు ‘టక్’మన్న చప్పుడు కళ్లు మూసుకుని వింటాడు. అప్పుడు చెబుతాడు. చెప్పాక మార్చడు.

‘మా ఇంట సీపురుకి సగం ఈనెలే ఉంటాయి బాబూ’ అంటుంది అతని భార్య అమ్మడు. ఆవిడ చేపలబజారులో గంప దించితే పక్క గంపలవాళ్లు గొంతు తగ్గించుకుంటారు. ‘మిగతా సగం కారుల కడుపులు తుడుస్తన్నాయి.’

ఇందులో నా పని ఏమిటంటే, రాత. పైడన్నకు తెలుగు సంతకం వచ్చు, అంతే. పాత కార్ల వాళ్లకేమో ఇంగ్లీషు కాగితం కావాలి. నేను కాన్వెంటులో చదువుకున్నవాణ్ని. సిస్టర్ల బెత్తం భయానికి నా ఇంగ్లీషు దస్తూరీ ఈనాటికీ నిటారుగా నిలబడుతుంది. అతను చెబుతాడు, నేను రాస్తాను. ‘ఈ కార్బరేటరు ఫలానాదని పైడన్న పరీక్షించి చెప్పడమైనది.’ ఇలా రాసిన కాగితాలు కలకత్తా దాకా, విశాఖపట్నం దాకా వెళ్లాయి. ఒక్కటీ తప్పని తిరిగి రాలేదు. నాలుగేళ్లుగా అతనికి చేతులు వణుకుతున్నాయి. వణుకు లేని రోజు చూసుకుని పది పన్నెండు తెల్లకాగితాల అడుగున సంతకాలు చేసి నా దగ్గర పడేస్తాడు. అంత నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనేం చేశానో ఇప్పుడు చెబుతాను.

పోయిన మార్గశిరంలో ఒక మధ్యాహ్నం గౌరీశంకర్ షెడ్డుకు వచ్చాడు. కీర్తిశేషులు హెడ్మాస్టరు జానకీరామయ్యగారి అబ్బాయి. అబ్బాయంటే యాభై ఎనిమిదేళ్లవాడు, కాలేజీ లెక్చరరు. హెడ్మాస్టరుగారి బూడిదరంగు మోరిస్ కారు వాళ్ల వసారాలో ఇంకా ఉంది. భువనేశ్వర్‌లో పాత కార్ల సంఘంవాళ్లు ఊరేగింపు పెడుతున్నారు. అన్నీ అసలు భాగాలే ఉన్న కార్లు ముందు వరసలో నడుస్తాయి. తండ్రి కారును ఆ వరసలో తనే నడపాలని గౌరీశంకర్ ఆశ. కార్బరేటరు ఒక్కదానికే పేరు లేదు. పాత తువ్వాల్లో చుట్టి తెచ్చి పైడన్న ఒళ్లో పెట్టాడు.

‘మావయ్యగారూ, చూడండి, ఒళ్లంతా ఇత్తడి!’ అన్నాడు నాతో. ‘మన కారు కంటే ఇదే పాతదట. ఓడలో వచ్చిందని నాన్నగారు చెప్పేవారు కదా.’

‘కనబడ్డవాడికల్లా చెప్పేవారు’ అన్నాను.

పైడన్న దాన్ని ఒకసారి తిప్పి చూశాడు. ఈనెల సంచి తియ్యలేదు. ఊదలేదు. పిస్టను ఎత్తలేదు. నేనది చూశాను గాని ఆలోచించలేదు. అలసిపోయాడనుకున్నాను. ఆ మధ్య అతను అన్నిటికీ అలసిపోతున్నాడు.

‘ఏమోయ్ పైడన్నా, ఏమిటంటావు?’ అని అడిగాను.

‘సూ…’ అన్నాడు. అంతలో దగ్గు అందుకుంది. అదేం సామాన్యమైన దగ్గు కాదు, ఆ దగ్గుకు రేకుల మీద కాకులు లేచి ఎక్కడో దూరాన ఉన్న పాత్రపూర్ దాకా ఎగిరిపోయాయి. పోనీ, ఎదురింటి గోడ దాకా. అమ్మడు మంచినీళ్లు పట్టుకొచ్చి వీపు రాస్తూ, మమ్మల్ని ‘ఎల్లండి బాబూ’ అని చేత్తో తోసేసింది.

ఇంగ్లండులో ‘ఎస్.యు.’ అని పేరున్న కార్బరేటరు ఒకటి ఉంది. గుమ్మటంలాంటి నెత్తి, ఒకే జెట్టు. మోరిస్ కార్లకు అదే ఉండేది. మా బరంపురం షెడ్లలో ఆ రెండక్షరాలనూ కలిపేసి ‘సూ’ అంటారు. పైడన్న ‘సూ’ అన్నాడు. నేను ఇంటికి వెళ్లి, సంతకం ఉన్న కాగితం ఒకటి తీసి, నిటారు దస్తూరీతో ఎస్, యు అని రాసి, ఆ సాయంత్రమే గౌరీశంకర్‌కు ఇచ్చేశాను. వాడు నా కాళ్లకు దణ్ణం పెట్టాడు.

నాలుగో రోజు పొద్దున పైడన్న హల్దియాపదర్ నుంచి నడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. గేటు పట్టుకుని చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. మెట్టు ఎక్కకుండా అక్కడే కూర్చున్నాడు.

‘గౌరీ బాబు బజారులో మా ఆడదానికి సెప్పినాడట. మీ ఆయన మా కారు పరువు నిలబెట్టినాడని. ఏటి బాబూ, కాగితం రాసినావా?’

‘రాశాను.’

‘ఏటని?’

‘సూ అని. నువ్వే కదా అన్నావు.’

‘నాను “సూడాల” అన్నాను. ఇంకా సూడాల, రేపు రా, అందామనుకున్నాను. “సూ” కాడ ఊపిరి ఆగిపోనాది. మిగతాది దగ్గులో కొట్టుకుపోనాది.’

‘“డాల” పోయిందా?’

‘నవ్వకు బాబూ.’

నేను నవ్వలేదు. నవ్వినా చిన్నగానే నవ్వాను. అతని మొహం చూశాక అది కూడా ఆగింది.

‘అయితే అది సూ కాదా?’

‘కాదు.’

‘మరి ఏమిటి?’

పైడన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మెట్టు మీద చీమలు పోతుంటే వాటిని చూస్తూ, వాటికే చెబుతున్నట్టుగా చెప్పాడు. ‘అది నాను సేసినాను. నానూ గురువూ.’

డెబ్బై నాలుగులో జానకీరామయ్యగారు కారును జగ్గారావు షెడ్డులో వదిలారట. జగ్గారావు కార్బరేటరు విప్పుతుంటే చేతిలోంచి జారి, రాయి మీద పడి రెండు ముక్కలైంది. అది అసలైన సూ. అలాంటిది ఇంకోటి ఎక్కడా దొరకలేదు. బరంపురంలో జగ్గారావు చేతిలోంచి ఏదీ జారదని పేరు. ముక్కలను మైనంతో అతికించి, మూటకట్టి, గురుశిష్యులిద్దరూ బస్సెక్కారు. పొలసర దాటి బెలగుంఠ వెళ్లారు. తోక పట్టుకుంటే మెలికలు తిరిగే ఇత్తడి చేపలు చేసే ఊరు అది. అక్కడొక ఇత్తడిపనివాడు అచ్చు తీసి ఒళ్లంతా ఇత్తడితో పోతపోసి ఇచ్చాడు. పదకొండు రోజులు పైడన్న దాన్ని ఆకురాయితో అరగదీశాడు. కారు కదిలింది. హెడ్మాస్టరుగారు అడిగితే, ‘పాతది పనికిరాదండి, కలకత్తాలో ఓడ దిగిన సరుకు తెప్పించి వేశాను’ అన్నాడు జగ్గారావు. ఆయన పొంగిపోయి ఊరంతా చెప్పుకున్నారు.

‘ఎవడికీ సెప్పనని గంగమ్మ మీద ఒట్టు ఏయించుకున్నాడు గురువు. ఇప్పుడు నీకు సెప్పేసినాను. సగం ఒట్టు ఎల్లిపోనాది.’

‘నేను ఎవరితోనూ అనను’ అన్నాను. (ఇప్పుడు రాస్తున్నాను కదా అంటారేమో. అనను అన్నాను గాని రాయను అనలేదు.)

‘పోనీ, పొరపాటు రాత నాదేనని గౌరీకి చెప్పేస్తాను’ అన్నాను.

‘సెప్తే, మరిదేటి పైడన్నా అంటాడు. అప్పుడు ఏటి సెప్పను? గురువు సేయి జారినాదనా?’

‘తెలియదని చెప్పు.’

అప్పుడతను తలెత్తి నా వైపు చూశాడు. యాభై ఏళ్లలో అలా ఎప్పుడూ చూడలేదు.

‘తెలిసి తెలీదని ఎలాగంటాను బాబూ? నాకు సదువు నేదు. సముద్రం నేదు. ఇప్పుడు ఊపిరీ నేదు. ఉన్నది ఒకటే, పైడన్న సెప్తే సెప్పినట్టే అనీ మాట. దాన్ని నువ్వు ఇంగిలీసులో ముంచేసినావు. సచ్చినోడి మాటా బతికినోడి మాటా రెండూ నా పీకకే సుట్టుకున్నాయి. నాకా కాగితం కావాల.’

ఇద్దరం గౌరీశంకర్ ఇంటికి వెళ్లాం. వాడు కారు తుడుస్తున్నాడు. కాగితంలో చిన్న సవరణ ఉంది, తిరిగి ఇవ్వమని అడిగాను. వాడు మారుమాట లేకుండా లోపలికెళ్లి తెచ్చి ఇచ్చాడు. పైడన్న దాన్ని నాలుగు మడతలు పెట్టి, బనీనులో దోపుకుని, అమ్మయ్య అన్నట్టు తిన్నె మీద కూలబడ్డాడు.

‘ఉంచుకోండి మావయ్యగారూ’ అన్నాడు గౌరీశంకర్. ‘ఫోటో తీసి ఆ రోజే సంఘానికి పంపేశాను. ఆదివారం వాళ్ల ఇంజనీరు వస్తున్నారు. మీ ఇద్దరూ ఉండాలి.’

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పైడన్న ఒక్కటే అడిగాడు. ‘ఫోటోని ఎనక్కి పిలవలేరా బాబూ?’ లేరన్నాను.

ఆదివారం పదింటికి ఇంజనీరు వచ్చింది. నీహారిక, ముప్పై ఏళ్లుంటాయి, జీన్సు ప్యాంటు వేసుకుని చేతిలో కొలత సామాను పెట్టె పట్టుకుంది. భువనేశ్వర్ మనిషనుకున్నాం గాని పుట్టిల్లు పొలసరేనట, అక్కడి స్కూలుమాస్టరుగారి అమ్మాయి. తెలుగూ ఒరియా కలిపి గలగలా మాట్లాడేసింది. కార్బరేటరు విప్పి గౌరీశంకర్ వసారాలో బల్ల మీద పెట్టారు. పైడన్న పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. ఈనెల సంచి ఒళ్లో ఉంది. అమ్మడు కూడా వచ్చింది, మొగుడు దగ్గితే పట్టుకోవడానికి.

నీహారిక ఫోనులో నా కాగితం ఫోటో తెరిచింది. ‘పైడన్న తాతా, మీ కాగితాలు మా సంఘంలో ఆరున్నాయి. ఒక్కటీ తప్పు కాలేదు. ఇది సూ అని రాశారు. అవునా?’

గౌరీశంకర్ తువ్వాలు నలుపుతున్నాడు. ‘సెప్పు మావా’ అంది అమ్మడు. పైడన్న నోరు తెరిచాడు. ఇప్పుడు దగ్గు వస్తే బాగుండునని, దేవుడి మీద అంత నమ్మకం లేని నేను కూడా దణ్ణం పెట్టుకున్నాను. రాలేదు. కావలసినప్పుడు అది రాదు.

‘సూడమ్మా’ అన్నాడు పైడన్న.

‘ఏంటి తాతా?’

‘ఆ దినమూ ఇదే అన్నాను. సూడు, అన్నాను. ఈ బాబు సగమే ఇన్నాడు. నువ్వు సదివినదానివి. నాను సెప్పకూడదు. నువ్వు సూడు.’

సంచి విప్పి ఎర్రదారం కట్టిన ఈనె ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. అది సూ ఈనె. నీహారిక నవ్వకుండా అందుకుంది, అందుకే ఆ పిల్లంటే నాకు గౌరవం. జెట్టులో దూర్చింది. గాటు దగ్గర ఆగవలసిన ఈనె ఇంకా ఒక గోరంత కిందికి దిగింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. గుమ్మటం విప్పింది, పిస్టను పైకి తీసింది, ఫోను దీపం వేసి లోపలికి చూసింది. అలా చూస్తూనే ఉండిపోయింది.

‘ఇక్కడ పొలుసులున్నాయి’ అంది చివరికి.

‘తుప్పు పొలుసులా?’ అన్నాడు గౌరీశంకర్ కంగారుగా.

‘చేప పొలుసులు. మూడు వరసలు. ఉలితో చెక్కినవి.’ ఆమె పైడన్న వైపు తిరిగింది. ‘మా ఇంట్లో బీరువా మీద బెలగుంఠ చేప ఉండేది తాతా. చిన్నప్పుడు రోజూ దాని పొలుసులు లెక్కపెట్టేదాన్ని. ఇవి అవే.’

పైడన్న అవునన్నాడా? అనలేదు. కాదన్నాడా? అదీ అనలేదు. ఈనె తిరిగి తీసుకుని, చివర తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు. ఆ ఇత్తడిపనివాడు ఊరికే ఉండలేక, ఎవరూ చూడరని, తన చేతి గుర్తుగా లోపల ఆ పొలుసులు చెక్కినట్టున్నాడు. జగ్గారావు ఒట్టు వేయించుకున్నది పైడన్న చేత. చేప చేత కాదు.

‘ఆ కాగితంలో తప్పు నాది’ అన్నాను నేను. ఈ వయసులో తప్పు ఒప్పుకోవడం కష్టం కాదు, నిలబడి ఒప్పుకోవడమే కష్టం. అందుకని కూర్చునే ఒప్పుకున్నాను. నీహారిక ఫోనులోని ఫోటో పక్కన ఏదో నొక్కింది. ‘పైడన్న తాత చెప్పలేదు, రాసినవారు పొరబడ్డారు అని పెడుతున్నా. సరేనా తాతా?’ అని చదివి వినిపించింది. పైడన్న భుజాలు అప్పుడు కిందికి దిగాయి. అన్నాళ్లుగా అవి పైకి లేచి ఉన్నాయని నాకు దిగాకే తెలిసింది.

ఆమె ఫారంలో ‘తయారీ’ అన్నచోట కాసేపు కలం ఆపి, ‘గంజాం’ అని మా జిల్లా పేరు రాసింది. ‘బండి నడుస్తుందా?’ అని అడిగింది.

‘చలిబ’ అన్నాడు పైడన్న ఒరియాలో, ఏదో నడిచిపోతుందిలే అన్నట్టు.

మోరిస్ ఊరేగింపులో ముందు వరసకు రాలేదు. స్థానికంగా బాగుచేసినవాటితో కలిపి ఆఖరి వరసలో నడిచింది. ఆ ఆదివారం అందరం లేస్తుండగా గౌరీశంకర్ కార్బరేటరులోకి వేలు పెట్టి ఆ పొలుసులు తడిమాడు. ‘మా నాన్నగారికి తెలుసా?’ అని అడిగాడు, ఎవరిని అడిగాడో తెలియదు. ఆ రోజు మాకు కాఫీ రాలేదు. నన్ను ఇప్పటికీ మావయ్యగారూ అనే పిలుస్తాడు గాని, ‘గారు’ కొంచెం బరువుగా పడుతోంది.

మర్నాడు పైడన్న నా దగ్గర మిగిలిన తొమ్మిది సంతకం కాగితాలూ తీసుకుపోయాడు. అమ్మడు వాటిలో ఎండు నెత్తళ్లు పొట్లాలు కట్టింది. ‘ఇన్నాళ్లకి సదువు పనికొచ్చినాది’ అందట. ఈనెల సంచి షెడ్డు మేకుకు వేలాడుతోంది. ఎవరైనా పాత కార్బరేటరు తెస్తే పైడన్న దూరం నుంచే చెయ్యి ఊపుతాడు. ఊపిరి లేదంటాడు. కోపం లేదు, బాధ కూడా లేదు. సామాను దించేసిన కూలీ గోడకు చేరగిలబడ్డట్టు కూర్చుంటాడు.

ఇదంతా రాసి, ఏమైనా తప్పులుంటే చెప్పమని నిన్న షెడ్డుకు వెళ్లి అతనికి మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు, పిస్టను చప్పుడు విన్నట్టు. అయిపోయాక కళ్లు తెరిచాడు.

‘జగ్గారావు సేతిలోంచి ఏదీ జారనేదు’ అన్నాడు. ‘బెలగుంఠ ఏ పక్కనున్నాదో నాకు తెలీదు. మా ఇంట ఈనెలు సీపురుకే. ఆ పిల్లెవరో నాను సూడనేదు. ఇదేటీ జరగనేదు బాబూ.’